నాయిన చూపు బస్సు మెట్ల మీదే

పోయిన నెలలో సరళ వదిన మా నాచారం ఇంటికి వచ్చింది. సరళ వదిన మా మేనత్త కూతురు, నాకంటే కొంచెం పెద్దది, జనగామలో ఉంటుంది. మోకాళ్లు చూపించుకోవడానికి పట్నం వచ్చి, తిరుగుదారిలో నన్ను చూసిపోదామని ఆగింది. కొడుకు మహేష్ తన కారులో తీసుకొచ్చాడు. మా గల్లీ సంగతి తెలిసిందే, ఒక కారు ఆగితే ఇంకొకటి పోలేదు. ఎదురింటి వాళ్ల గేటుకు అడ్డంగా కారు నిలిపి, వదినను చెయ్యి పట్టుకొని దింపాడు. ఆమె గడప దాటి కుర్చీలో కూలబడి, మంచినీళ్లు తాగకముందే మొదలుపెట్టింది.

"ఏం కారో ఏమో లచ్చిమీ, జనగామల ఎక్కినప్పుడు మంచిగనే ఉంటి. ఉప్పల్ కాడికొచ్చినంక కారు నడుస్తలేదు, పక్కపొంటి మనుషులు నడుస్తున్నరు. గా కొత్త వంతెన పిల్లర్ల నడుమ కూసోని కూసోని, దవాఖానల చూపించనీకి కొత్త నొప్పులు తయారైనయ్."

"మరి బస్సుల వస్తవా అమ్మా? ఉప్పల్ల దిగాలె, పైకెక్కాలె, మెట్రో పట్టాలె, దిగి మళ్ల ఆటో. నీ మోకాళ్లతోని అయితదా? కారుకు వంకలు పెడ్తవు, కారు లేకుంటే కదలవు," అన్నాడు మహేష్.

"నేనేం వంక పెట్టిన్రా? ఉప్పల్ నుంచి దవాఖానదాక ముందటోణ్ని, ఎనకటోణ్ని తిట్టుకుంటనే వస్తివి. ఆ తిట్లు ఇననీకే నన్ను ఎక్కించుకున్నట్టుంది."

వాడు నవ్వి, "అత్తా, చాయ్ తర్వాత తాగుత, బండి కాడ ఉండాలె, లేకుంటే ఆ ఎదురింటాయన గాలి తీస్తడు" అని బయటికి పోయాడు. నేను సర్వపిండి, చాయ్ తెచ్చి ముందు పెట్టాను. వదిన ఒక ముక్క తుంచి చేతిలోనే పట్టుకొని అటూ ఇటూ తిప్పింది. తర్వాత అంది: "లచ్చిమీ, గా ఉప్పల్ చౌరస్తాల కారు ఆగినప్పుడల్ల నాకొకటి యాదికొస్తది. అమ్మను దవాఖానకు తెచ్చిన దినం. మామకు చెప్పలే, నీకు చెప్పలే. ఇగ చెప్పకపోతే నాతోనే పోతది."

అమ్మ అంటే మా మేనత్త సత్తెమ్మ. మామ అంటే మా నాయిన. నాయిన తన అక్కను, ఆమె ఆపరేషన్‌కు పోయే ముందు, ఒక్కసారి ఎదురుగా చూసుకోవాలనుకున్నాడు. ఆ ఒక్కటీ ఆయనకు దక్కలేదు. మా ఇంట్లో ఆ దుఃఖం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్లు కాదు, కాని అది మాతోపాటే పెరిగి పెద్దదైంది. వదిన చెప్పిన మాట రాసే ముందు ఆ అక్కాతమ్ముళ్లు ఎట్లాంటి వాళ్లో, ఉప్పల్ స్టాపు మాకు ఏమిటో రాయాలి.

అప్పట్లో నాచారం అంటే ఫ్యాక్టరీలు, వాటి వెనక పనివాళ్ల ఇళ్లు, ఆ ఇళ్ల వెనక ఇంకా దున్నుకుంటున్న చేలు. మాది రెండు గదుల రేకుల ఇల్లు. నాయిన పేరు నర్సింహులు, ఇనుప పైపులు చేసే ఫ్యాక్టరీలో పని. ఆలేరు దగ్గరి పల్లె నుంచి, వానలు పడని ఒక ఏడు, అమ్మను వెంటబెట్టుకొని వచ్చి ఇక్కడ కుదురుకున్నాడు. పొద్దున్నే మా గల్లీలోకి గాలిని బట్టి వాసన వచ్చేది. తూర్పు గాలి వీస్తే బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి మాడిన చక్కెర వాసన, పడమటి గాలి వీస్తే మందుల ఫ్యాక్టరీ నుంచి ముక్కు మండే వాసన. తూర్పు గాలి ఉన్ననాడు నేను బాగానే ఆడుకునేదాన్ని. పడమటి గాలి ఉన్ననాడు ఆయాసం పట్టేది. అమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని, వీపు నిమురుతూ "నర్సిమ్మసామీ, నర్సిమ్మసామీ" అనుకుంటూ ఉండేది. అమ్మకు తెలిసిన మందు అదొక్కటే. బడిలో వేసిన కొత్తలోనే నేను ఊపిరాడక పడిపోతే, పంతులమ్మ ఇంటికి పంపించి, పిల్ల గట్టిపడ్డాక తీసుకురమ్మంది. గట్టిపడేసరికి బడి ఈడు దాటిపోయింది. ఆ గడప మళ్లీ తొక్కలేదు.

నాకు చదువు చెప్పింది సత్తెమ్మత్త. ఆమె భర్త బడిపంతులు. పెళ్లైన కొత్తలో ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకుందట. వంట చేస్తూ పొయ్యి బూడిదలో రాసేదట, అత్తగారు వస్తే చీపురుతో ఊడ్చేసేదట. ఆయన చిన్న వయసులోనే పోయాడు. తర్వాత అత్త, సరళ వదిన ఇద్దరూ అత్త మరిది వెంకటయ్య ఇంట్లోనే ఉండేవాళ్లు. వెంకటయ్యకు ఊళ్లో బియ్యం మిల్లు ఉండేది. మంచివాడు, వదినెను తల్లిలాగే చూసేవాడు. పొలం పనులు తేలికైనప్పుడల్లా అత్త మా ఇంటికి వచ్చి, నాలుగు దినాలో పది దినాలో ఉండి, నాకు పలకా బలపం పట్టించేది. కాబట్టి నా బడి ఆలేరు నుంచి బస్సులో వచ్చేది, బస్సులోనే పోయేది. ఆమె దిగిన రోజు బడి తెరిచినట్టు, ఎక్కిన రోజు సెలవులు ఇచ్చినట్టు. ఆమె చీరకు పచ్చకర్పూరం, బస్సు డీజిల్ కలిసిన ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత బస్సు పొగ తగిలితే అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు పుస్తకం తెరవాలనిపిస్తుంది.

నాయినకు ఒక పట్టుదల ఉండేది. ఊరి నుంచి ఎవరు వచ్చినా, దగ్గరివాళ్లైనా దూరపువాళ్లైనా, ఉప్పల్ స్టాపుకు ఎదురుపోవలసిందే. ఫలానా రోజు వస్తున్నామని ముందు వచ్చినవాళ్లతో కబురు అందేది. అంతే, ఆ రోజు నాయిన షిఫ్టు మార్చుకునేవాడు. ఏ బస్సుకు వస్తారో తెలియదు, వచ్చేదాకా నిలబడేవాడు. "ఊరి నుంచి వచ్చే మనిషికి బస్సు దిగంగనే మన మొఖం కనవడాలె. గింత పెద్ద పట్నంల ముందుగాల చూసేది మనోని మొఖమే అయ్యుండాలె" అనేవాడు. తాను మొదటిసారి వచ్చినప్పుడు తన కోసం ఎవరూ రాలేదని, ఉప్పల్‌లో దిగి ఏ దిక్కు పోవాలో తెలియక సోడా బండి నీడలో పొద్దంతా కూర్చున్నానని ఒకసారి చెప్పాడు. అమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "స్టాపుల నిలవడ్డందుకు గూడ జీతమిస్తే, మనం ఈపాటికి మేడ కడ్తుంటిమి" అనేది. అంటూనే వచ్చేవాళ్ల కోసం పచ్చిపులుసు కలిపి పెట్టేది, కాళ్లకు నీళ్లు చెంబుతో గడప దగ్గర ఉంచేది.

బడి లేదు కాబట్టి నాయిన వెంట నేనూ పోయేదాన్ని. సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని, ఫ్యాక్టరీ గోడల నడుమ దారిలో ఉప్పల్ తీసుకుపోయేవాడు. అప్పుడు చౌరస్తా అంటే ఒక రేకుల హోటల్, రెండు సోడా బండ్లు, అటూ ఇటూ లారీలు, వాటి నడుమ దుమ్ము కొట్టుకుంటూ వచ్చే ఎర్రబస్సులు. నాయిన బస్సు మెట్లకేసి చూస్తూ నిలబడేవాడు. నేను బోర్డులకేసి చూస్తూ నిలబడేదాన్ని. అది అత్త పెట్టిన పని. తాను లేనినాళ్లు కనిపించిన బోర్డల్లా చదవాలి, వచ్చిన రోజు పరీక్ష. ఆమె బస్సు దిగి, మూట కింద పెట్టకముందే అడిగేది.

"ఏ బస్సు దిగిన్నో సదువు."

"హ… ను… మ… కొండ."

"కింద చిన్నగ రాసింది?"

"వయా జనగామ, ఆలేరు."

"వయా అంటే?"

"నడుమల ఆగేది."

"శభాష్. నడుమల ఆగవట్టే నేనొచ్చిన. లేకుంటే హనుమకొండోళ్లే పట్నం చూస్తుండిరి."

"ముందు నీళ్లు తాగు అక్కా. పరీక్షలు ఇంటికి పోయినంక," అనేవాడు నాయిన.

"నువ్వు ఊకో. నెత్తికి రుమాలేది? ఎండల గిట్లనే నిలవడ్డవా? నీకు పెళ్లైంది గని బుద్ధి రాలే నర్సిములూ."

తిట్లు తింటూనే నాయిన ఆమె మూటను సైకిల్ హ్యాండిల్‌కు తగిలించి, వెనక క్యారియర్ మీద నన్ను ఎక్కించి, సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవాడు. అత్త పక్కన నడిచేది. అది చాలా దూరమే, కాని వాళ్లకు ఆ దూరం కావాలి. ఊరి ముచ్చట్లన్నీ ఆ దారిలోనే అయిపోయేవి. ఎవరి బర్రె ఈనింది, ఎవరి బావిలో నీళ్లు దిగిపోయాయి, గుట్ట మీద మొన్నటి కల్యాణం ఎట్లా జరిగింది, అన్నీ. ఇంటికి చేరేసరికి ఇద్దరి మొఖాలూ కడిగినట్టు తేటగా ఉండేవి. అమ్మ అనేది: "అన్నీ దారిలనే చెప్పుకుంటే నాకేం మిగిల్చిన్రు?"

మిల్లు కలిసొచ్చి, వెంకటయ్య ఒక పాత అంబాసిడర్ కారు కొన్నాడు. ఊరికి అదే మొదటి కారు. చెరువుకట్ట మీద, పొలాల బాటల్లో నడపడం నేర్చుకున్నాడు. "ఇగ మనింట్ల ఎవ్వరు ఎర్రబస్సెక్కి పట్నం పోవుడు లేదు" అని చాటాడట. అత్త మాత్రం ఎక్కలేదు. మా ఇంట్లో కూర్చొని నవ్వుతూ చెప్పేది: "నాకు బస్సే మంచిగుంటది ఎంకటయ్యా అన్న. కారుల వస్తే నా తమ్ముడు ఏడ నిలవడాలె అని అడిగిన."

ఆ ఏడు ఎండాకాలంలో అత్తకు కడుపులో నొప్పి అని తెలిసింది. నొప్పి చాలా నాళ్ల నుంచే ఉందట, ఎవరికీ చెప్పుకోలేదు. పట్నంలో పెద్ద డాక్టరు చూసి, కోసి తీయాలన్నాడు. రావలసిన రోజు చెప్పాడు. అనుకున్నది ఏమిటంటే, అంతకు ముందు రోజు పొద్దటి బస్సుకు ఆమె వస్తుంది, మా ఇంట్లో పడుకుంటుంది, మరునాడు నాయిన దవాఖానకు తీసుకుపోతాడు. కబురు అట్లాగే అందింది.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఆపరేషన్‌కు పోయే మనిషి, పోయే ముందు గుట్ట నర్సింహస్వామికి ముడుపు కట్టాలి. పసుపు గుడ్డలో బియ్యం, వక్క, నాణెం పెట్టి ఇంట్లోవాళ్లు సిద్ధం చేస్తారు. ముడి మాత్రం జబ్బు మనిషే తన చేతులతో వేయాలి. ఆడబిడ్డ అయితే తోడబుట్టినవాడు ఎదురుగా కూర్చోవాలి. బాగై వచ్చాక ఇద్దరూ కలిసి గుట్టెక్కి ఆ ముడి విప్పుతారు. నాయిన తలస్నానం చేసి, గుడ్డను పసుపు నీళ్లలో తానే ముంచి, తీగ మీద ఆరేసి, ఆరిందాకా అక్కడే నిలబడ్డాడు. బియ్యం ఏరి పోశాడు. "అక్క మన దేవుని ముందట కూసోని ముడి వేస్తే సాలు. తర్వాత అంత సామి చూసుకుంటడు" అని అమ్మతో అన్నాడు. ఆయన భయపడుతున్నాడని అప్పుడు నాకు అర్థమైంది. బియ్యం ఏరే పని ఆయన ఎన్నడూ చేసినవాడు కాదు.

ఆ రోజు పడమటి గాలి. అమ్మ నన్ను పోవద్దంది, నేను ఏడ్చాను. నా బడి వస్తుంటే నేను ఇంట్లో ఎట్లా ఉంటాను? నాయిన తన రుమాలును తడిపి, నా ముక్కుకూ నోటికీ కట్టి, సైకిల్ ఎక్కించుకున్నాడు. ఉప్పల్‌లో నిలబడ్డాం. పొద్దటి బస్సు వచ్చింది. నాయిన మెట్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు. దిగినవాళ్లు దిగారు, అత్త లేదు. తప్పిపోయిందేమో, వెనక బస్సుకు వస్తుందనుకున్నాం. వెనక బస్సు వచ్చింది, లేదు. నాయిన కండక్టర్‌ను అడిగాడు: "అన్నా, ఆలేరుల తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దమనిషి ఎక్కలేదా?" "తెల్లచీరలు మస్తు ఎక్కినయ్ అన్నా, నీది ఏదో నాకెట్ల ఎరుక" అని అతను విజిల్ వేశాడు. నాయిన నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. హోటలాయన లోపల కూర్చోమన్నాడు. నాయిన పోలేదు, లోపల కూర్చుంటే మెట్లు కనబడవు. నేను వచ్చిన బోర్డల్లా పైకి చదువుతూ ఉన్నాను, ఏదో ఒక బోర్డు సరిగ్గా చదివితే ఆ బస్సులోనే అత్త ఉంటుందన్నట్టు.

కార్లు కూడా పోయే ఉంటాయి. అప్పుడు కార్లు తక్కువ, చూడాలనుకుంటే కనిపించేవే. చూడాలని మాకు తోచలేదు. మా వాళ్లెవరూ కారులో వచ్చినవాళ్లు కాదు. నాయిన చూపంతా బస్సు మెట్ల మీదే.

నాకు ఆయాసం ఎక్కువైతే ఇంటిదగ్గర దింపి, నాయిన మళ్లీ పోయాడు. పొద్దు వాలాక తిరిగి వచ్చేసరికి వెంకటయ్య పంపిన మిల్లు మనిషి అప్పుడే వచ్చి మా అరుగు మీద కూర్చొని ఉన్నాడు. అతను చెప్పింది ఇది. పొద్దున నొప్పి ఎక్కువైతే వెంకటయ్య, బస్సులో ఎట్లా పోతది అని కారు తీశాడు. మాకు కబురు చేయడానికి మా గల్లీలో ఎవరికీ ఫోను లేదు. నేరుగా దవాఖానకు చేర్చారు. డాక్టరు చూసి, రేపటిదాకా ఆగేది కాదు, ఈ రోజే చేస్తానన్నాడు. నాయిన కాళ్లు కూడా కడుక్కోకుండా, ముడుపు గుడ్డ జేబులో పెట్టుకొని సిటీ బస్సు ఎక్కాడు. ఆయన చేరేసరికి ఆమెను లోపలికి తీసుకుపోయారు. లోపలి నుంచి ఆమె బతికి రాలేదు.

వెంకటయ్య మా నాయిన చేతులు పట్టుకొని ఏడ్చాడట. "తొందరగ చేర్చాలెనని కారు తీస్తి బావా, తొందరగనే చేర్చిన" అని. ఆయన తప్పు ఏమీ లేదు. ఈ నొప్పిని ఎప్పుడో తీసుకురావలసింది అని డాక్టరు చెప్పాడు. నాయిన ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మంచే జేసినవ్ ఎంకటయ్యా" అన్నాడు. అది పైమాట కాదు. నాయిన జీవితంలో ఎన్నడూ ఆ కారును గాని, కారు తీసిన మనిషిని గాని ఒక్క మాట అనలేదు. ముడి పడని ఆ పసుపు గుడ్డ కొన్నాళ్లు మా దేవుని గూట్లో ఉంది. ఒక రోజు చూస్తే లేదు. నాయిన ఒక్కడే గుట్టకు పోయి వచ్చాడని అమ్మ చెప్పింది. అక్కడ ఏం చేశాడో అమ్మ అడగలేదు.

ఆ తర్వాత నాకు చదువు చెప్పడానికి ఎవరూ రాలేదు. నాయిన ఫ్యాక్టరీలో సామాను చుట్టి వచ్చిన పాత పేపర్లను సాపు చేసి తెచ్చి ఇచ్చేవాడు. అవే చదువుకున్నాను. ఈ రోజు నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ అక్కాతమ్ముళ్ల పుణ్యం, స్వామి దయ. నేను ఏ బడికీ రుణపడలేదు గాని, ఒక బస్సు స్టాపుకు రుణపడ్డాను.

నాయిన స్టాపుకు పోవడం మానలేదు. ఊరి నుంచి వచ్చేవాళ్లకు ఎదురుపోయేవాడు. ఒక్క మార్పు వచ్చింది. బస్సుతోపాటు, పోయే ప్రతి కారులోకీ తొంగి చూసేవాడు. కారు పోతున్నంతసేపు తల తిప్పి చూసేవాడు. "కార్లల్ల ఎవరొస్తరయ్యా మనకు?" అని అమ్మ అడిగితే, "ఊకెనే" అనేవాడు. కార్లు పెరిగాయి, ఆయన చూపు ఆనడం తగ్గింది, అయినా అలవాటు పోలేదు. అత్త మాట వచ్చినప్పుడల్లా ఆయన అనేది ఒకటే: "అక్క నన్ను చూసి ఉండదు. చూస్తే దిగేది. ఎంకటయ్య ఆపకున్నా దుంకేది." ఆ మాట అని కొంచెం నవ్వేవాడు, అక్క కారులోంచి దూకడం కళ్లముందు కనబడినట్టు. చివరికి మంచం పట్టినప్పుడు కూడా, పలకరించ వచ్చినవాళ్లతో ఆ మాట అన్నాడు. ఆయన పోయి కూడా చాలా ఏళ్లైంది.

ఇప్పుడు సరళ వదిన, చేతిలో సర్వపిండి ముక్కతో, మా కుర్చీలో కూర్చొని చెప్పింది.

"అన్నోజిగూడ దాటంగనే అమ్మ మొదలువెట్టింది. 'ఎంకటయ్యా, ఉప్పల్ల నర్సిములు నిలవడి ఉంటడు, జర మెల్లగ పోనియ్యి, వాణ్ని ఎక్కించుకుందం' అన్నది. నొప్పికి ఒకపక్కకు ఒరిగి కూసున్నది, గని ఉప్పల్ రాంగనే లేచి కిటికీ కాడికి జరిగింది. నేనే ముందుగాల చూసిన. అమ్మా, మామ! అన్న. అమ్మ చూసింది."

నా చేతిలో చాయ్ గ్లాసు ఉందని కూడా మరిచాను.

"చూసిందా?"

"ఎందుకు చూడది? ఇగో, నువ్వు కూసున్నంత దూరంల ఉన్నడు. బస్సు తలుపు కాడ మెడ నిక్కవెట్టి చూస్తున్నడు. మాదిక్కు ఈపు. అమ్మ ఆపు ఆపు అన్నది. చిన్నాయినకు పట్నంల నడుపుడు అదే మొదలు. ఎనక లారోడు చెవులు పగిలేటట్టు హారన్ కొడ్తున్నడు. చిన్నాయిన స్టీరింగు గట్టిగ వట్టుకున్నడు. 'ఈడ ఆపితే మీదికెక్కుతడు వదినె, ముందట ఆపుత' అన్నడు. ముందటకు పోయినంక ఇంకా ముందట అన్నడు. ఆగేసరికి హబ్సిగూడ. కారు ఎనకకు మళ్లేసుడు ఆయనకు రాదు. అమ్మకు నొప్పి లేచింది. ఇగ పోనియ్యి అన్నది."

"అత్త ఏమన్నది వదినా?"

"ముందుగాల తిట్టింది. 'చూడు, ఎండల నెత్తికి రుమాలు గూడ లేదు' అన్నది. జర సేపైనంక, 'రుమాలు పిల్లకు కట్టిండు' అన్నది. నిన్ను గూడ చూసింది లచ్చిమీ. నువ్వు ముక్కుకు గుడ్డ కట్టుకోని, మొఖం పైకెత్తి ఏదో బోర్డు సదువుతున్నవు. నోరు కనవడది, గని గుడ్డ కదులుతున్నది. అమ్మకు నవ్వొచ్చింది. అంత నొప్పిల నవ్వింది. 'నా లచ్చిమి సదువుతున్నది చూసినవా' అన్నది."

వదిన కళ్లు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

"దవాఖానల లోపటికి పోయే ముందట నన్ను దగ్గరికి పిలిచింది. 'మామను చూసిన్నని మామకు చెప్పకు బిడ్డా. అక్క చూసి గూడ దిగలేదని కుములుతడు. చూడలేదనుకుంటే మరుస్తడు' అన్నది. నేను సరే అన్న. తర్వాత మామ వచ్చిండు. పసుపు గుడ్డ చేతుల వట్టుకోని గోడకు ఆనుకోని నిలవడ్డడు. నన్ను అడిగిండు, 'అమ్మ నన్ను అడిగిందా బిడ్డా?' అని. అడిగింది మామా అన్న. గంతే అన్న. మామ బతికున్నన్ని దినాలు, ఆయన ఎదురువడ్డప్పుడల్ల నాకు గొంతుదాక వచ్చేది. చెప్పితే అమ్మ మాట పోతది. చెప్పకుంటే, ఆఖరుకు అక్క కండ్లల్ల తానే ఉన్నడని మామకు తెల్వకుండ పోతది. తెల్వకుండనే పోయిండు. నేను చేసింది మంచా, చెడా, నువ్వు చెప్పు లచ్చిమీ."

నేను నోరు తెరిచేలోగా బయట హారన్ మోగింది. ఎదురింటాయన స్కూటర్ బయటికి తీయాలట. మహేష్ గొంతు, ఆయన గొంతు కలిసి పెద్దవయ్యాయి. "మీ ఇంటికి సుట్టాలొస్తే మేం ఎగురుకుంట పోవాల్నా?" అంటున్నాడాయన. మహేష్ గుమ్మంలోకి తల పెట్టి, "అమ్మా, ఇగ లే, లేకుంటే ఈడ పంచాయితీ అయితది. చీకటి పడకముందే ఉప్పల్ దాటాలె" అన్నాడు. వదిన లేచింది. నేను ఆమె మోచేయి పట్టుకొని కారుదాకా నడిపించాను. కిటికీ అద్దం దింపి నా చెయ్యి పట్టుకుంది. ఏదో చెప్పమన్నట్టు చూసింది. వెనక ఇంకొక బండి హారన్ కొట్టింది. కారు కదిలితే చెయ్యి వదిలేశాను.

ఇప్పుడు ఉప్పల్‌లో ఎవరూ ఎవరి కోసం నిలబడరు. నిలబడడానికి చోటూ లేదు, అవసరమూ లేదు. ఎక్కడిదాకా వచ్చారో ఫోను చెబుతుంది, ఇల్లు ఎక్కడో ఫోను చూపుతుంది. మెట్రో నీడపట్టున దింపుతుంది, రోడ్డు దాటకుండా తలమీది నుంచి నడిచిపోయే దారి వేశారు. నేనూ హబ్సిగూడలో కళ్లు చూపించుకోవడానికి ఆ రైలులోనే పోతాను, చల్లగా కూర్చొని స్వామి నామం చెప్పుకుంటాను. ఇవన్నీ చూడడానికి ఉంచినందుకు ఆయనకు దండం పెట్టుకుంటాను కూడా. ఇప్పటి రోజులైతే అత్త నొప్పి ముందే తెలిసేది, ఆమె బతికేదేమో. ఆ కారు చెడ్డదని, ఆ బస్సు మంచిదని నేను ఎట్లా అంటాను? ఒకటి మాత్రం తెలుసు. బస్సులో వచ్చినవాళ్లు మా ఇంట్లో నిద్ర చేసేవాళ్లు. మాట మిగిలిపోతే పొద్దున చెప్పుకునేవాళ్లు. కారులో వచ్చినవాళ్లు చీకటి పడకముందే ఉప్పల్ దాటాలి. చుట్టాల కోసం కుట్టించిన బొంతలు అటక మీద చాలా ఏళ్లుగా మడత విప్పకుండా ఉన్నాయి.

రెండు రోజులు ఆలోచించి వదినకు ఫోను చేశాను.

"వదినా, ఆ దినం అడిగినవు గద."

"ఆ. చెప్పు."

"నాయిన 'అక్క చూస్తే దిగేది' అనుకుంట బతికిండు. గా మాట అన్నప్పుడల్ల నవ్వెటోడు. నువ్వు చెప్పి ఉంటే ఆ నవ్వు లేకుండ పోతుండె. అత్తకు తమ్ముని సంగతి ఎరుకే. నువ్వు మంచిగనే జేసినవ్."

"నా మనసు కోసం చెప్తలేవు గద?" అంది.

"లేదు వదినా."

"సరే బిడ్డా," అంది. నాకంటే అంత పెద్దదేమీ కాదు, అయినా బిడ్డా అంది. అచ్చం అత్త గొంతు.

ఫోను పెట్టి, సందెదీపానికి లేచాను. వదినతో అన్నది అబద్ధం కాదు. కాని ఆమె చెప్పిపోయినప్పటి నుంచీ నాకు ఒకటే కనబడుతోంది. మంచం మీద నాయిన కారులోంచి అక్క దూకడం తలుచుకొని నవ్వుతుంటాడు, నేను ఆయన చెవి దగ్గరికి వంగి "చూసింది నాయినా, రుమాలు లేదని తిట్టింది" అని చెబుతుంటాను. ఆయన మొఖం ఎట్లా మారేదో ఎంత ప్రయత్నించినా నాకు కనబడదు. నాకు దక్కినదానికి, దక్కనిదానికి దండం పెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆ సాయంత్రం, నా తండ్రికి ఆ సంగతి తెలియకుండా ఉంచినందుకు కూడా స్వామికి దండం పెట్టుకోవాలనుకున్నాను. చేతులు వెంటనే కలవలేదు. వత్తి సరిగ్గా పట్టుకోలేదేమోనని దాన్ని ఎగదోసి, నూనె పోసి, గడప దాకా పోయి తలుపు దగ్గరగా వేసి వచ్చి, అప్పుడు పెట్టాను.